పాత డెస్క్‌టాప్ పదేపదే ఆగిపోతుంటే: ఫార్మాటా, ర్యామా, ఎస్‌ఎంపీఎస్సా? ముందు ఏది మేలు?

పదేళ్లు దాటిన డెస్క్‌టాప్‌కి ఎస్‌ఎస్‌డీ వేశారు, ఇంకో 8 జీబీ ర్యామ్ కలిపారు, గ్రాఫిక్స్ కార్డు పెట్టారు. కొన్నాళ్లు బాగానే నడిచి, ఇప్పుడు ఉన్నట్టుండి ఆగిపోతోంది. షాపుకి తీసుకెళ్తే మొదట వినపడే మాట "ఫార్మాట్ కొట్టేద్దాం సార్". అది షాపువాడికి తేలిక, మీకు కాదు. ఇంటెల్ ఐ5-4570, హెచ్81 బోర్డు, పాత 4 జీబీ డీడీఆర్3 స్టిక్‌కి తోడు కొత్త 8 జీబీ స్టిక్, జీటీఎక్స్ 1650 కార్డు ఉన్న సిస్టమ్‌ని ఉదాహరణగా పెట్టుకుని, ఏ దారి ఎప్పుడు పనికొస్తుందో చూద్దాం.

ముందు అది ఎలా ఆగుతోందో తేల్చుకోవాలి. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్, అందులో స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగ్స్‌కి వెళ్లి "ఆటోమేటికల్లీ రీస్టార్ట్" టిక్ తీసేయండి. ఇక నీలి తెర వస్తే కోడ్ చదువుకునేదాకా ఉంటుంది. మెమరీ మేనేజ్‌మెంట్, పేజ్ ఫాల్ట్ అని వస్తే అనుమానం ర్యామ్ మీదికి పోవాలి. వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్ అయితే గ్రాఫిక్స్ డ్రైవర్, కార్డు, దానికి అందే కరెంటు. కెర్నల్ డేటా ఇన్‌పేజ్ ఎర్రర్ అయితే ఎస్‌ఎస్‌డీ లేదా దాని సాటా కేబుల్. కేబుల్ మార్చి చూడడానికి ఐదు నిమిషాలు చాలు. నీలి తెర లేకుండా స్విచ్ కట్టేసినట్టు ఆరిపోతే అది చాలావరకు కరెంటు గొడవ. విండోస్‌లో జరిగినవన్నీ నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 కనపడగానే ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు అందించే డబ్బా) పోయిందనుకోకండి. సిస్టమ్ సరిగా షట్‌డౌన్ కాలేదని మాత్రమే దానర్థం. ఆ ఎంట్రీ వివరాల్లో బగ్‌చెక్ కోడ్ 0 అని ఉంటే, నీలి తెర నమోదు కాకుండానే కరెంటు పోయిందనో, బిగుసుకుపోయిందనో చెప్పవచ్చు.

ఇక ఫార్మాట్. ర్యామ్‌లో తప్పుంటే కొత్త విండోస్ ఫైళ్లు కూడా తప్పుగానే రాసుకుంటాయి, రెండు రోజులకి కథ మొదటికొస్తుంది. దీనికంటే మేలైన పని ఉబుంటు (విండోస్‌కి బదులు వాడే ఉచిత లినక్స్) పెన్‌డ్రైవ్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా లైవ్‌లో రెండు మూడు గంటలు నడపడం. అక్కడా ఆగిపోతే విండోస్ తప్పేం లేదు, డేటా చెరిపే పనీ లేదు. అక్కడ నిక్షేపంగా నడిచినా వెంటనే ఫార్మాట్‌కి దిగకండి. సేఫ్ మోడ్‌లో డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్‌తో పాత గ్రాఫిక్స్ డ్రైవర్‌ని ఊడ్చేసి కొత్తది వేసి చూడండి. హార్డ్ డిస్క్ నుంచి ఎస్‌ఎస్‌డీకి క్లోన్ చేశాక బూట్ కాకుండా "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" వస్తుంటే బయోస్‌లో (విండోస్ కంటే ముందే తెరుచుకునే బోర్డు సెట్టింగ్స్) సాటా మోడ్, అంటే డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి, మారిందేమో చూడాలి. పాత విండోస్ ఐడీఈ మోడ్‌లో వేసి ఉంటే, ఏహెచ్‌సీఐకి మార్చగానే అలాగే అలుగుతుంది.

ర్యామ్ దారిలో ఖర్చు లేదు, ఒక రాత్రి పోతుంది అంతే. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్ మీద వేసి నాలుగు పాస్‌లు తిరగనివ్వండి. ఒక్క ఎర్రర్ వచ్చినా అది ఎర్రరే, "ఒకటేగా" అని వదలొద్దు. ఎర్రర్ వస్తే ఒక్కో స్టిక్‌నీ ఒకే స్లాట్‌లో విడివిడిగా పరీక్షించండి, తర్వాత మంచి స్టిక్‌ని రెండో స్లాట్‌లో పెట్టి చూడండి. అప్పుడు చెడింది స్టిక్కో స్లాటో తేలుతుంది. విడిగా రెండూ పాసై, కలిపితే ఫెయిలైతే జోడీ కుదరలేదన్నమాట. బయోస్‌లో ర్యామ్ స్పీడు 1600 నుంచి 1333కి తగ్గించండి, చాలాసార్లు అక్కడితో తీరిపోతుంది. స్పీడు తగ్గిన సంగతి వాడకంలో పెద్దగా తెలియదు కూడా. కొనేటప్పుడు ఇంకో మోసం ఉంది: ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే 8 జీబీ డీడీఆర్3 స్టిక్కుల్లో కొన్నిటి మీద "ఏఎండీకి మాత్రమే" అని చిన్నగా రాసి ఉంటుంది. వాటిలోని చిప్పుల అమరిక వేరు, ఇంటెల్ బోర్డుకి సరిపడదు. కాంటాక్టులు తుడవాలంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మేలు. పెన్సిల్ రబ్బరుతో రుద్దితే ఆ పొట్టు స్లాట్‌లో పడకుండా దులపాలి.

ఎక్కువమంది చివర చూసేది, నిజానికి ముందు చూడాల్సింది ఎస్‌ఎంపీఎస్. డబ్బా మీద 450 వాట్లని పెద్దక్షరాల్లో ఉంటుంది, దాన్ని నమ్మొద్దు. పక్కనున్న పట్టికలో 12 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లో చూడండి. 14 అని ఉంటే ఆ లైను ఇచ్చేది 168 వాట్లే. ఐ5-4570 లెక్క 84 వాట్లు, జీటీఎక్స్ 1650ది 75. రెండూ కలిపి 159. ఫ్యాన్లు, హార్డ్ డిస్క్ ఇంకా లెక్కలోకే రాలేదు, పైగా కార్డు క్షణకాలం ఇంతకంటే ఎక్కువే లాగుతుంది. పదేళ్లు వేడికి ఎండిన కెపాసిటర్లతో ఆ 168 కూడా నిలబడదు.

పైసా ఖర్చు లేకుండా తేల్చుకోవాలంటే కార్డు పీకేసి, మానిటర్‌ని బోర్డు మీది పోర్టుకే తగిలించి రెండు రోజులు వాడండి. ఈ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. ఆగడం మానేస్తే తప్పు కార్డుదో, డ్రైవర్‌దో, ఎస్‌ఎంపీఎస్‌దో. మళ్లీ కార్డు పెట్టి, ఆఫ్టర్‌బర్నర్ (కార్డు సెట్టింగ్స్ మార్చే సాఫ్ట్‌వేర్)లో పవర్ లిమిట్ బాగా తగ్గించి అదే గేమ్ ఆడండి. అప్పుడు ఆగకపోతే వేలు ఎస్‌ఎంపీఎస్ వైపే చూపాలి. మల్టీమీటర్ ఉంటే లోడ్ మీద పసుపు, నలుపు వైర్ల మధ్య కొలవండి: 11.4 వోల్టుల కంటే తగ్గకూడదు. సరిగ్గా ఉన్నా పూర్తిగా నమ్మలేం, ఎందుకంటే వోల్టేజిలో వచ్చే అలలు మల్టీమీటర్‌కి అందవు. ఆకుపచ్చ వైరుని నల్లదానికి కలిపి ఫ్యాన్ తిరిగిందని సంబరపడితే, అది లోడ్ లేని పరీక్ష. సాటా ప్లగ్గు నుంచి కార్డుకి కరెంటు లాగే కన్వర్టర్లు మాత్రం కొరివితో తల గోక్కోవడమే, ప్లగ్గులు కరుగుతాయి.

పని ఉన్నప్పుడు కాక ఖాళీగా ఉన్నప్పుడే ఆగుతోందా? ఈ ఐ5-4570 లాంటి ఇంటెల్ నాలుగో తరం ప్రాసెసర్లు నిద్రలో 12 వోల్టుల లైనులో 0.05 ఆంపియర్ దాకా దిగిపోతాయి, పాత ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని ఆ తక్కువ లోడ్‌ని తట్టుకోలేవు. బయోస్‌లో సీ6, సీ7 అనే ఆ నిద్ర స్థితుల్ని ఆపి చూడండి. యూపీఎస్‌నీ వదలొద్దు. కరెంటు మినుకుమన్నప్పుడే రీస్టార్ట్ అవుతుంటే దాని బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు.

ఆఫీసుల నుంచి వచ్చిన రీఫర్బిష్డ్ సిస్టమ్ అయితే మామూలు ఎస్‌ఎంపీఎస్ తెచ్చేముందు బోర్డు కనెక్టర్ చూడండి. మామూలు 24 పిన్నుల బదులు డెల్ ఆప్టిప్లెక్స్ 9020లో 8, ఆ కాలపు లెనోవో థింక్‌సెంటర్లు చాలావాటిలో 14 ఉంటాయి. కన్వర్టర్ కేబుల్ దొరుకుతుంది, సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో అడగొచ్చు.

డబ్బు పెట్టాల్సి వస్తే మంచి ఎస్‌ఎంపీఎస్‌కే నా ఓటు. ఎస్‌ఎస్‌డీ, కార్డులాగే అదీ రేపు కొత్త సిస్టమ్‌లోకి వస్తుంది. డీడీఆర్3 ర్యామ్ మాత్రం ఈ బోర్డుతోనే పోతుంది, అందుకే అది చెడిందని మెమ్‌టెస్ట్ చెప్తేనే కొనండి, అదీ సెకండ్‌హ్యాండ్‌లో. ఇవన్నీ అయ్యాక కూడా వీయా అన్‌కరెక్టబుల్ ఎర్రర్ (హార్డ్‌వేర్ తప్పుని చెప్పే నీలి తెర) వస్తుంటే ప్రాసెసర్ మీద వేడిని లాగే పేస్ట్ మార్చండి, బయోస్‌ని డిఫాల్ట్‌కి తెండి, ప్రాసెసర్ చుట్టూ ఉబ్బిన కెపాసిటర్లున్నాయేమో టార్చి వేసి చూడండి. ఉంటే ఆ బోర్డుకి ఇక సెలవే. అదే రకం పాత బోర్డు వెతికి తెచ్చుకోవద్దు. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11 అధికారిక జాబితాలో నాలుగో తరం లేనేలేదు.