క్యాసియో ఏఈ-1200: నీళ్లలో ఎంతవరకు నమ్మొచ్చు?

ఈ వాచీ 100 మీటర్ల వాటర్ రెసిస్టెంట్, అంటే 10 బార్. అంత లోతుకు దిగొచ్చని కాదు, అది కదలకుండా ఉన్న వాచీ మీద పెట్టే ఒత్తిడి లెక్క. ఈత, కయాకింగ్, వానలో పరుగు, గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటి పైపైన ఈదే స్నార్కెలింగ్ వరకు నిశ్చింతగా పెట్టుకోవచ్చు. సిలిండర్ కట్టుకుని దిగే స్కూబాకు మాత్రం ఐఎస్ఓ 6425 ప్రమాణమున్న డైవర్ వాచీయే కావాలి. ఇదే కంపెనీ ఎఫ్-91డబ్ల్యూ చవకే గానీ అది చేతులు కడుక్కోడానికి, చిన్న వానకు చాలు. ఈతకు వద్దు.

బరువు 39 గ్రాములే, చేతికి ఉన్నట్టే తెలియదు. గ్లాసు రెసిన్‌ది కాబట్టి రాయికి తగిలితే పగలడం అరుదు, గీతలు మాత్రం తప్పవు.

నాకు నచ్చనిది బటన్ల సంగతి. నీళ్లలో ఉండగా వాటిని నొక్కకూడదు. నొక్కినప్పుడు బటన్ కాడ లోపలికి జరుగుతుంది, దాని చుట్టూ ఉన్న చిన్న సీలు పక్క నుంచి నీరు దూరే వీలుంటుంది. స్టాప్‌వాచ్ ఒడ్డునే మొదలుపెట్టి, పైకొచ్చి తుడుచుకున్నాకే ఆపాలి. ల్యాపు ల్యాపుకీ టైము చూసుకునేవాళ్లకు ఇది పనికొచ్చే వాచీ కాదు.

బ్యాటరీ సీఆర్2025, పదేళ్లు వస్తుందని కంపెనీ మాట. వెనక మూత కింద నీరు చేరకుండా ఆపే రబ్బరు రింగుకు అంత ఆయుష్షు లేదు, రెండు మూడేళ్లకోసారి మార్పించమని కంపెనీయే చెబుతుంది. చాలా వాచీల్లోకి నీరు చేరేది బ్యాటరీ మార్చాకే. షాపులో దగ్గరుండి చూడండి. నాలుగు స్క్రూలు విప్పాక రింగు చదునుగా నొక్కుకుపోయినా, పగుళ్లున్నా కొత్తది వేయించండి. గాడిలో ఒక్క వెంట్రుక ఉన్నా సీలు పోయినట్టే. తుడిచి, రింగుకు సిలికాన్ గ్రీజు పలచగా రాయించండి. వాసెలిన్ వద్దు, కొన్ని రకాల రబ్బరు దానికి ఉబ్బిపోతుంది. స్క్రూలు ఎదురెదురువి కొంచెం కొంచెంగా బిగించాలి. ఒక మూల ముందే గట్టిగా తిప్పేస్తే మూత వంకరగా కూర్చుని రింగు నలుగుతుంది.

తేమ చేరిందేమోనని అనుమానమొస్తే వాచీని 40–45 డిగ్రీల వేడి ఉన్న పళ్లెంలో కాసేపు ఉంచి, గ్లాసు మీద చల్లటి నీటిచుక్క వేసి, నిమిషం ఆగి తుడవండి. లోపలివైపు మసక కనిపిస్తే వెంటనే మూత తీయించాలి. మామూలు వాటర్ రెసిస్టెంట్ వాచీల ప్రమాణం ఐఎస్ఓ 22810లోని పరీక్షా ఇలాంటిదే.

రుషికొండ లాంటి చోట సముద్రంలో దిగి వచ్చాక మంచినీళ్లతో కడగండి. లేకపోతే ఉప్పు బటన్ల చుట్టూ గడ్డకడుతుంది, పట్టీ పిన్నులు తుప్పు పడతాయి. డీట్ అనే రసాయనం ఉన్న దోమల మందు రాసుకున్న చేతికి ఈ వాచీ పెట్టొద్దు, ప్లాస్టిక్‌ను అది తినేస్తుంది.