మోకాలి కీలు విరిగితే పిండికట్టా, ఆపరేషనా?

పర్లాకిమిడి, గుణుపురం వైపు నుంచి ఫోన్‌లో ఎక్స్‌రే ఫోటో పంపి చాలామంది అడిగేది ఒకటే: "పిండికట్టుతో సరిపోదా అండీ?" సరిపోయేవీ ఉన్నాయి. కాకపోతే పగులు కీలు లోపలికి వెళ్లిందంటే లెక్క మారిపోతుంది. లోపలి నున్నటి పొరలో మెట్టు పడితే ప్రతి అడుగుకీ అక్కడే రాపిడి, కొన్నేళ్లకు కీలు అరిగిపోతుంది.

మోకాలి చిప్ప సంగతి కాస్త తేలిక. ముక్కల మధ్య ఎడం 2–3 మిల్లీమీటర్లలోపు, లోపలి మెట్టు 2 మిల్లీమీటర్లలోపు ఉండి, మోకాలు వంచకుండా కాలు పైకెత్తగలిగితే 4 నుంచి 6 వారాల కట్టు చాలు. ఎత్తలేకపోతే మాత్రం సాధారణంగా తీగతో బిగించాల్సిందే. తొడ కండరం పై ముక్కను లాగేస్తూనే ఉంటుంది, కట్టు దాన్ని ఆపలేదు.

చిక్కంతా కింది ఎముక పైభాగం, అంటే టిబియల్ ప్లేటో విరిగినప్పుడే. 2–3 మిల్లీమీటర్ల మెట్టును ఓర్చుకునే సర్జన్లు ఉన్నారు, ఇంకాస్త ఎక్కువైనా పర్వాలేదనేవారూ ఉన్నారు. నా దృష్టిలో అంతకంటే ముఖ్యం నిలకడ. కాలు చాపించి డాక్టరు పక్కకు నెట్టినప్పుడు మోకాలు ఊగిపోతోందంటే, రేపు బరువు పడగానే కాలు వంకరపోతుంది. అలాంటి మోకాలికి ఆపరేషన్‌తో లోహపు ప్లేటు వేయించుకోవడమే మేలు. ప్లేటు గట్టిగా పట్టుకుంటే కొద్దిరోజుల్లోనే వంచడం మొదలుపెట్టొచ్చు. వారాల తరబడి కట్టులో ఉంటే మోకాలు బిగుసుకుపోతుంది, కలుపు తీయడానికి గొంతుక్కూర్చోవాల్సినవారికి అది ఎంత నష్టమో చెప్పక్కర్లేదు. అయితే ఆపరేషన్ చేయించుకున్నా 6 నుంచి 12 వారాలు పూర్తి బరువు మోపనివ్వరు.

ఏదైనా తేల్చుకునే ముందు సీటీ స్కాన్ గురించి అడగండి. కీలు ఎంత కుంగిందో ఎక్స్‌రేలో పూర్తిగా తెలియదు. వాపు తగ్గి చర్మం ముడతలు పడేదాకా వారం, రెండు వారాలు ఆగమంటే టెన్షన్ పడకండి, ఉబ్బిన చర్మాన్ని కోస్తే గాయం సరిగా మానదు.

తొడ ఎముక కింది చివర విరిగితే పెద్దవాళ్లకు చాలావరకు ఆపరేషనే. బాగా వయసు మళ్లి, మత్తుకు తట్టుకోలేనివారికి కట్టే నయం.

నాటు కట్టు మాత్రం వద్దు. బిగుతు కట్టు కింద పిక్క రాయిలా గట్టిపడినా, మాత్రలకు లొంగని నొప్పి వచ్చినా, పాదం చల్లబడి తిమ్మిరెక్కినా గంటల్లోనే కాలు పోయే ప్రమాదం ఉంది. వెంటనే కట్టు విప్పించండి. బరంపురమా, శ్రీకాకుళమా అని తర్జనభర్జన పడకుండా, ఎముకల సర్జన్ దగ్గరలో ఎక్కడ ఉంటే అక్కడికి ఆ రాత్రే బయలుదేరండి. ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చినా అంతే.