మేడ్ ఇన్ జపాన్: ఇయాన్ గిలన్ గాత్రానికి నిలువెత్తు సాక్ష్యం

రాక్ సంగీతంలో గట్టిగా కేక పెట్టగల గాయకులకు కొదవ లేదు. అయితే ఆ కేకను శృతి తప్పకుండా నిలబెట్టి, పాటలో దానికొక కారణం కల్పించి, ఆ కారణం పుట్టేదాకా ఓపిగ్గా గొంతు తగ్గించి పాడగలిగినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 1969లో డీప్ పర్పుల్ బృందంలో చేరిన ఇంగ్లండు గాయకుడు ఇయాన్ గిలన్ వారిలో ఒకరు. ఆయన ఎంత గొప్పగా పాడేవారో ఒకే ఒక్క రికార్డుతో తెలుసుకోవాలనుకునేవారికి నేను నిస్సందేహంగా ఆ బృందం కచేరీ రికార్డు ‘మేడ్ ఇన్ జపాన్’ పేరే చెబుతాను.

1972 ఆగస్టు 15, 16 తేదీల్లో ఒసాకాలోనూ, 17న టోక్యోలోని బుడోకాన్ హాలులోనూ జరిగిన మూడు కచేరీల నుంచి ఏరిన ఏడు పాటలు ఇందులో ఉన్నాయి. అదే ఏడాది డిసెంబరులో ఇది రెండు ఎల్పీల సెట్టుగా ఇంగ్లండులో విడుదలైంది. మొదట దీనిని జపాన్ శ్రోతల కోసం మాత్రమే తలపెట్టారు. బృందానికి కూడా దీని మీద పెద్ద ఆశలేమీ లేవు, కానీ రికార్డింగు మాత్రం తమకు అలవాటైన సౌండ్ ఇంజినీరు మార్టిన్ బర్చే చేయాలని కోరుకున్నారు. కచేరీ రికార్డులను ఆ తర్వాత స్టూడియోలో సరిదిద్దడం, గొంతు తడబడిన చోట మళ్లీ పాడి అతికించడం ఆ రోజుల్లో మామూలే అయినా, ఇక్కడ ఆ పని జరగలేదు. వేదిక మీద ఆ రాత్రి గొంతు ఎలా పలికిందో అలాగే మన చెవికి చేరుతుంది కనుక, గాయకుడి సత్తాకు ఇంతకంటే నమ్మదగిన సాక్ష్యం దొరకడం కష్టం.

రికార్డులో రెండో పాట ‘చైల్డ్ ఇన్ టైమ్’ గురించి కాస్త వివరంగా చెప్పాలి. 1970 నాటి ‘ఇన్ రాక్’ ఆల్బమ్‌లో తొలిసారి వచ్చిన ఈ పాట ప్రచ్ఛన్నయుద్ధ కాలపు భయాల నుంచి పుట్టింది. దీని ఆర్గాన్ బాణీకి మూలం ‘ఇట్స్ ఎ బ్యూటిఫుల్ డే’ అనే అమెరికన్ బృందం చేసిన ‘బాంబే కాలింగ్’. బృందంలో ఆర్గాన్ వాయించే జాన్ లార్డ్ ఆ బాణీని వేగం తగ్గించి వాయిస్తుండగా గిలన్ మాటలు కట్టారు. జపాన్ కచేరీలో పన్నెండు నిమిషాలకు పైగా సాగిన ఈ పాటలో సాహిత్యం చిన్న చరణం ఒక్కటే. గాయకుడు చేయవలసిన మిగతా పనంతా అచ్చులతోనే.

మాటలు అయిపోగానే గిలన్ ‘ఊ’ అంటూ, తనలో తాను పాడుకుంటున్నంత మెత్తగా బాణీని ఎత్తుకుంటారు. ఆ ‘ఊ’లో గాలి ఎక్కువ, బరువు తక్కువ. రెండోసారి అదే బాణీ ‘ఆ’ అని తెరుచుకుంటుంది, గొంతు నిండుగా పలుకుతుంది, వెనుక ఇయాన్ పేస్ డ్రమ్ములు కూడా ఒక్కో దెబ్బకు బలం పుంజుకుంటాయి. మూడోసారి అదే బాణీ పై స్థాయికి ఎక్కి కేకగా మారుతుంది. మూడుసార్లూ బాణీ ఒకటే కావడం వల్ల, చివరి కేక ఎక్కడికి చేరబోతోందో మన చెవికి ముందే తెలిసిపోతుంది, తెలిసి కూడా అది వచ్చినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. కర్ణాటక సంగీతం వినే అలవాటున్న తెలుగు శ్రోతకు, తారస్థాయికి అంచెలంచెలుగా చేరుకునే రాగాలాపన ఇక్కడ గుర్తుకు రాకమానదు. ఆ ఎత్తులో కూడా స్వరం అంచు చెదరదు. ఆ తర్వాత రిచీ బ్లాక్‌మోర్ గిటారు విజృంభించి ఆగిపోయాక, గిలన్ తిరిగి మొదటి చరణాన్ని ఏమీ జరగనట్టుగా అదే మెత్తదనంతో అందుకుంటారు. నా దృష్టిలో కేక కంటే కష్టమైన పని ఇదే. అంత ఒత్తిడికి గురైన గొంతు మరునిమిషంలో బొంగురుపోకుండా పలకాలంటే, ఎంతో అదుపు ఉండాలి.

‘స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ వుమన్’లో ఆయన ప్రతిభ మరో రూపంలో కనిపిస్తుంది. స్టూడియోలో సుమారు నాలుగు నిమిషాలే ఉన్న ఈ పాట వేదిక మీద గిటారుకూ గొంతుకూ మధ్య పోటీగా పెరిగింది. బ్లాక్‌మోర్ ఒక చిన్న పలుకు వాయిస్తారు, గిలన్ దానిని గొంతుతో తిరిగి పలికిస్తారు. పలుకులు రానురాను పొడవు మారి, పైకి పాకి, గిటారు తీగను లాగినప్పుడు వచ్చే వంపుతో సహా గొంతులోకి దిగిపోతాయి. చివరన సుదీర్ఘమైన కేక ఒకటి, దాని వెంటనే పాటలోకి పునఃప్రవేశం. ఇద్దరూ ఒకరినొకరు ఎంత శ్రద్ధగా వింటున్నారో ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది.

‘హైవే స్టార్’లో అంత వేగంలోనూ మాటలు ఒకదాని మీద ఒకటి పడకుండా విడివిడిగా వినిపించడం మెచ్చుకోదగినది. 1971 డిసెంబరులో స్విట్జర్లాండ్‌లోని మాంట్రో కాసినో కాలిపోయిన కథను చెప్పే ‘స్మోక్ ఆన్ ది వాటర్’ను ఆయన మధ్యస్థాయిలో, ఆర్భాటం లేకుండా పాడారు. కథ చెప్పే పాటకు అదే సరైన పద్ధతి. ‘ది మ్యూల్’ ప్రధానంగా డ్రమ్ముల కోసం ఉద్దేశించినది. నాలుగో వైపంతా ఆక్రమించిన ‘స్పేస్ ట్రకిన్’’ ఇరవై నిమిషాల్లో గాత్రానికి దక్కింది మొదటి కొద్ది భాగమే కనుక, గొంతు కోసం వినేవారికి అది పొడవుగా అనిపిస్తుంది.

ఈ రికార్డులో లేనిది ఒకటి ఉంది, అది గిలన్ పూర్తిగా నెమ్మదిగా పాడిన పాట. దాని కోసం ‘వెన్ ఎ బ్లైండ్ మ్యాన్ క్రైస్’ వినాలి. డీప్ పర్పుల్ ‘మెషీన్ హెడ్’ ఆల్బమ్‌తో పాటే తయారైనా అందులో చోటు దక్కక, 1972లో ఒక సింగిల్‌కు రెండో వైపున వచ్చిన ఈ పాటలో ఆయన ఎక్కడా బలం చూపించరు, దుఃఖాన్ని నిబ్బరంగా చెబుతారు. అలాగే 1970లో వచ్చిన ‘జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్’ అనే రాక్ సంగీత నాటకపు ఆల్బమ్‌లో జీసస్ పాత్రకు గొంతు ఇచ్చింది కూడా గిలనే. అందులోని ‘గెత్సెమనే’లో ప్రార్థనతో మొదలైన గొంతు నిలదీతగా మారే తీరు వింటే, ‘చైల్డ్ ఇన్ టైమ్’లో చూసిన నేర్పు నాటకీయ సన్నివేశానికి ఎంతగా ఒదిగిందో అర్థమవుతుంది.

కొనదలచినవారు ముందుగా ఏడు పాటల అసలు రికార్డునే తీసుకోవాలని నా సలహా. 1998లో వచ్చిన కూర్పులో ‘బ్లాక్ నైట్’, ‘స్పీడ్ కింగ్’, ‘లూసిల్’ అదనంగా ఉన్నాయి. మూడు సీడీలుగా 1993లో విడుదలైన ‘లైవ్ ఇన్ జపాన్’లో మూడు రాత్రుల కచేరీలనూ పోల్చుకోవచ్చు. ఒకే పాటను గిలన్ వరుస రాత్రుల్లో ఎంత భిన్నంగా పాడారో గమనించదలచిన శ్రోతకు అది విలువైన కొనుగోలు, తొలిసారి వినేవారికి మాత్రం భారమే. ఏ కూర్పు కొన్నా ‘చైల్డ్ ఇన్ టైమ్’ను మంచి ఇయర్‌ఫోన్లతో వినండి, ఎందుకంటే మొదటి ‘ఊ’లోని మెత్తదనం చిన్న స్పీకర్లలో సగం పోతుంది.