హుకప్ లేని ఆర్‌వీలో కరెంటు, చల్లదనం: మూడు వేసవుల వాడకం తర్వాత

ముందు సెటప్ ఏమిటో చెబుతాను. ఆర్‌వీ అంటే చక్రాల మీది ఇల్లు; నాది ట్రక్కుతో లాక్కెళ్లే 24 అడుగుల ట్రావెల్ ట్రెయిలర్. పైకప్పు మీద 200 వాట్ల సోలార్ ప్యానెళ్లు నాలుగు, సోలార్ కరెంటును బ్యాటరీకి సరిపడేలా మార్చే విక్ట్రాన్ స్మార్ట్‌సోలార్ 100/50 కంట్రోలర్, 12.8 వోల్టుల 100 ఆంపియర్-అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు నాలుగు, విక్ట్రాన్ మల్టీప్లస్ 12/3000 ఇన్వర్టర్-ఛార్జర్, బ్యాటరీలోకి వచ్చీపోయే కరెంటును లెక్కపెట్టే స్మార్ట్‌షంట్. పైకప్పు ఏసీ 13,500 బీటీయూ (చల్లబరిచే శక్తి కొలత), దానికి కంప్రెసర్‌ను మెల్లగా స్టార్ట్ చేసే మైక్రో-ఎయిర్ ఈజీస్టార్ట్. ఇవి కాక పైకప్పుకు బిగించే మ్యాక్స్‌ఫ్యాన్, 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్, హోండా ఈయూ2200ఐ జనరేటర్. వాడకమంతా అరిజోనాలో, మే నుంచి సెప్టెంబరు దాకా, కరెంటు స్తంభం, అంటే హుకప్, లేని చోట్లే.

కొనేముందు అందరూ అడిగేది ఒకటే: రాత్రంతా ఏసీ నడుస్తుందా? నడవదు.

కంప్రెసర్ ఆడుతున్నంతసేపూ ఏసీ 1,250 నుంచి 1,400 వాట్లు లాగుతుంది. బయట వేడి పెరిగేకొద్దీ ఇదీ పెరుగుతుంది. ఇన్వర్టర్‌లో దాదాపు పదో వంతు వృథా పోతుంది కాబట్టి బ్యాటరీ మీద పడే బరువు 1,400 నుంచి 1,550 వాట్లు. నాలుగు బ్యాటరీల్లో ఉన్నది 5,120 వాట్-అవర్లు. అడుగున పది శాతం వదిలేస్తే 4,600. ఏకధాటిగా అయితే మూడు గంటల చిల్లర. థర్మోస్టాట్ ఆపుతూ వేస్తూ ఉంటే ఐదు గంటలు లాగవచ్చు. అప్పటికి తెల్లారదు, బ్యాటరీ మాత్రం ఖాళీ.

పోనీ మర్నాడు సోలార్ నింపుతుందా అంటే, 800 వాట్ల ప్యానెళ్లు జూన్ మధ్యాహ్నం ఇచ్చేది 560 నుంచి 600 వాట్లు. ప్యానెల్ మీద రాసిన వాట్లు సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటివి. ఎడారి ఎండలో సెల్ 65 డిగ్రీలకు చేరుతుంది, డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున 14 శాతం అక్కడే పోతుంది. మిగతాది దుమ్ము, తీగలు, ఏసీ డబ్బా నీడ తింటాయి. సోలార్‌కు ఎండ కావాలి గానీ వేడి వద్దు. రోజు మొత్తానికి చేతికొచ్చేది మూడున్నర నుంచి నాలుగు కిలోవాట్-అవర్లు.

అందులో ఫ్రిజ్ వేడి రోజుల్లో 700 వాట్-అవర్లు తీసుకుంటుంది. స్టార్‌లింక్ శాటిలైట్ ఇంటర్నెట్ పది గంటలకు ఇంకో 700. రెండు ల్యాప్‌టాప్‌లు 500, ఫ్యాను, లైట్లు, నీళ్ల పంపు కలిపి 300. ఇన్వర్టర్ ఏ పనీ లేకుండా ఊరికే ఆన్‌లో ఉన్నా 20 వాట్ల దాకా తింటుంది, రోజంతా అలా వదిలేస్తే అర కిలోవాట్-అవర్ పోయినట్టే. అందుకే రాత్రి ఇన్వర్టర్ ఆపేసి ఫోన్లు, ఫ్యాను 12 వోల్టుల మీదే నడపాలి. అన్నీ పోను ఏసీకి మిగిలేది గంట, బాగా కలిసొచ్చిన రోజు గంటన్నర. ఆ గంటను పడుకునే ముందు కాకుండా సాయంత్రం నాలుగింటికి వాడడం మేలు. ప్యానెళ్లు ఇంకా 300 వాట్ల పైన ఇస్తుంటాయి, గోడలూ పరుపులూ వేడి పీల్చుకోకముందే అడ్డుకట్ట పడుతుంది. రాత్రి తొమ్మిది దాటాక ఎత్తు ప్రాంతాల్లో బయటి గాలే చల్లగా ఉంటుంది.

ఎత్తు అన్నది ఊరికే అనలేదు. ఈ మొత్తం సెటప్‌లో ఎక్కువ చల్లదనం ఇచ్చింది ఫీనిక్స్ నుంచి కొండల మీది ఫ్లాగ్‌స్టాఫ్‌కు ఎక్కే ఐ-17 రోడ్డు. ఫీనిక్స్ 1,100 అడుగుల ఎత్తున ఉంది, జూలైలో సగటు గరిష్ఠం 41 డిగ్రీల పైనే. 145 మైళ్ల అవతల ఫ్లాగ్‌స్టాఫ్ 6,900 అడుగుల మీద ఉంది, అక్కడ 28. రాత్రికి పదీ పదకొండుకు దిగుతుంది. చుట్టూ ఉన్న కొకోనినో జాతీయ అడవిలో, అనుమతించిన రోడ్ల పక్కన, 30 రోజుల్లో 14 రోజుల దాకా ఉచితంగా దిగవచ్చు. ఇంకో రెండు బ్యాటరీలకు పెట్టే డబ్బు డీజిల్‌కు పెడితే వచ్చే సుఖం ఎక్కువ. దారిలో పెద్ద ఘాట్ ఎక్కేది బ్లాక్ కాన్యన్ సిటీ దాటాక, కాబట్టి ట్రెయిలర్‌తో పొద్దున ఎనిమిదిలోపే దాన్ని దాటేయాలి.

నీడ విషయంలో బండి ఎటు తిప్పి నిలిపామన్నదే సగం పని. ట్రెయిలర్ ముక్కు తూర్పుకు పెడితే ఆనింగ్ (చుట్టిపెట్టే గుడ్డ పందిరి) ఉన్న కుడి పక్క దక్షిణానికి, ఎడమ పక్క ఉత్తరానికి వస్తుంది. సాయంత్రపు పడమటి ఎండ ఎక్కువగా వెనక గోడకే తగులుతుంది. గ్యాసుతో నడిచే అబ్సార్ప్షన్ ఫ్రిజ్ ఉన్నవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. దాని వేడి బయటికి పోయే వెంటు పడమటికి ఉంటే సాయంత్రానికి పాలు విరుగుతాయి. కిటికీలకు వెండి రేకు పట్టా లోపలికంటే బయట కట్టాలి. లోపల కడితే ఎండ అద్దం దాటి వచ్చేసినట్టే, వేడి అద్దానికీ పట్టాకూ మధ్య చిక్కుకుంటుంది. ఆనింగ్‌కు ముందు వేలాడదీసే మెష్ తెర తక్కువ ఖర్చులో చాలా లాభం. కానీ జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం మబ్బు పట్టగానే ఆనింగ్ చుట్టేయండి. మాన్‌సూన్ గాలి చెప్పి రాదు.

మ్యాక్స్‌ఫ్యాన్‌కు పూర్తి మార్కులు. అతి తక్కువ వేగంలో దాదాపు కరెంటు తీసుకోదు, పూర్తి వేగంలో 5 ఆంపియర్ల దాకా. అయితే గాలి బయటికి తోసేలా పెట్టి, మంచం దగ్గరి ఒక్క కిటికీని నాలుగు వేళ్ల మేర తెరవాలి. అన్ని కిటికీలూ తెరిస్తే ఏ మూలా గాలి ఆడదు. వంట బయటే చేయాలి, గ్యాసు మంట వేడితో పాటు ఆవిరినీ లోపల నింపుతుంది. 7,000 అడుగుల దగ్గర నీళ్లు 93 డిగ్రీలకే మరుగుతాయి కనక కుక్కరు లేకుండా పప్పు ఉడకాలంటే గ్యాసు సీసా అయిపోతుంది. ఇండియా మిక్సీ తెచ్చుకున్నవాళ్లకు ఒక మాట: అది 230 వోల్టులది, ఇక్కడి ఇన్వర్టర్ ఇచ్చేది 120.

12 వోల్టుల చిన్న కూలర్ కూడా రెండు సీజన్లు వాడి చూశాను. మే, జూన్‌లలో గాలిలో తేమ 20 శాతం లోపు ఉన్నప్పుడు ఏసీ అక్కర్లేనంత బాగుంటుంది. జూలై మధ్యలో మాన్‌సూన్ వచ్చాక వట్టి ఉక్కపోత. హైదరాబాద్‌లో ఏప్రిల్‌లో పనిచేసే కూలర్ విశాఖలో ఎందుకు పనిచేయదో, ఇదీ అంతే. పైగా అది తాగే నీళ్లు ట్యాంకులోవే. నీళ్లకు ఊళ్లోకి వెళ్లి రావలసిన చోట అది చిన్న విషయం కాదు.

ఇక తలనొప్పులు. ఎక్కువ భాగం వస్తువులవి కావు, బిగించిన తీరువి.

మొదటిది, ఇన్వర్టర్ పేరులోని 3000. అవి వాట్లు కావు, వోల్ట్-ఆంపియర్లు. నిలకడగా ఇచ్చేది 25 డిగ్రీల దగ్గర 2,400 వాట్లు, 40 డిగ్రీల దగ్గర 2,200. దాన్ని మంచం కింద మూసిన అరలో పెడితే ఏసీ, ఇండక్షన్ స్టవ్ కలిసి ఆడినప్పుడు వేడికి ఆగిపోతుంది. అరకు కింద ఒక జాలీ, పైన ఒక జాలీ, మధ్యలో చిన్న ఫ్యాను పెట్టాక ఆ సమస్య మళ్లీ రాలేదు.

రెండోది తీగలు. ఏసీ ఆడుతుంటే 12 వోల్టుల వైపు 110 నుంచి 120 ఆంపియర్లు పోతాయి. బ్యాటరీకీ ఇన్వర్టర్‌కీ మధ్య బాగా లావుపాటి 4/0 కేబుల్, 400 ఆంపియర్ల క్లాస్-టి ఫ్యూజు, దూరం ఐదారు అడుగులు మించకుండా. ఎక్కడైనా లగ్ (తీగ చివర నొక్కి బిగించే లోహపు కొస) సరిగా క్రింప్ కాక ఒక మిల్లీఓం అడ్డం వచ్చినా 120 ఆంపియర్ల దగ్గర ఆ ఒక్క చోటే 14 వాట్ల వేడి పుడుతుంది. రోడ్డు కుదుపులకు నట్లు వదులవుతాయి కూడా. సీజన్ మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి టార్క్ రెంచితో బిగించాలి. పది నిమిషాలు ఏసీ నడిపి ప్రతి లగ్ మీదా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పెట్టి చూస్తే దొంగ దొరికిపోతాడు.

మూడోది చాలామందికి నెలల తరబడి అంతుపట్టనిది. ఇన్వర్టర్‌ను ట్రెయిలర్ బ్రేకర్ల బోర్డు మొత్తానికి కలిపి, ట్రెయిలర్‌తో వచ్చిన పాత కన్వర్టర్‌ను (120 వోల్టులతో బ్యాటరీని నింపే పెట్టెను) అలాగే ఉంచితే, బ్యాటరీ కరెంటును ఇన్వర్టర్ మారుస్తుంది, కన్వర్టర్ దాన్ని తిరిగి బ్యాటరీలోకే పంపుతుంది, ప్రతి చుట్టులోనూ కొంత వేడిగా పోతుంది. కన్వర్టర్ బ్రేకరు ఆపేయాలి, లేదా దాన్ని తీసేయాలి. నీళ్ల హీటర్‌లోని కరెంటు కాయిల్ కూడా ఇలాగే చడీచప్పుడు లేకుండా బ్యాటరీ తినేస్తుంది.

నాలుగోది బ్యాటరీల చోటు. ట్రెయిలర్ ముందు, ట్రక్కుకు తగిలించే నాలుక మీది పెట్టెలో లిథియం పెట్టవద్దు. ఫీనిక్స్ ఎండలో మూసిన పెట్టె లోపల 50 డిగ్రీలు దాటుతుంది, బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్ (బీఎంఎస్) ఛార్జింగ్ ఆపేస్తుంది, సోలార్ బాగున్న మధ్యాహ్నమే బ్యాటరీ నిండకుండా ఉంటుంది. చలికాలంలో సున్నా డిగ్రీల కింద కూడా ఛార్జింగ్ కుదరదు. మనుషులు పడుకునే చోటే వాటికీ సరైన చోటు.

ప్యానెళ్లు రెండేసి సిరీస్‌లో, ఆ రెండు జతలు పారలల్‌లో ఉన్నాయి. నాలుగూ సిరీస్‌లో పెడితే చల్లటి పొద్దున వోల్టేజీ కంట్రోలర్ హద్దు అయిన 100 వోల్టులను దాటే ప్రమాదం ఉంది. నాలుగూ పారలల్ అయితే లావు తీగ కావాలి. సోలార్ తీగలను కలిపే ఎంసీ4 కనెక్టర్లు వేర్వేరు కంపెనీలవైతే ఒకదానిలో ఒకటి దూరినా జతకావు, కాలిపోతాయి.

జనరేటర్ ఫీనిక్స్ ఎత్తులో ఈజీస్టార్ట్ సాయంతో ఏసీని మోస్తుంది. ఈజీస్టార్ట్ మొదటి ఐదు స్టార్టుల్లో కంప్రెసర్ తీరు నేర్చుకుంటుంది, వాటిని గట్టి కరెంటు ఉన్న చోట పూర్తి చేయండి. కానీ వెయ్యి అడుగులకు మూడున్నర శాతం చొప్పున జనరేటర్ బలం తగ్గుతుంది. అది నిలకడగా ఇచ్చే 1,800 వాట్లు 7,000 అడుగుల దగ్గర సుమారు 1,360 అవుతాయి. అక్కడ ఏసీనీ ఛార్జింగ్‌నూ కలిపి అడిగితే మొరాయిస్తుంది. మల్టీప్లస్‌లో ఇన్‌పుట్ పరిమితిని, అంటే జనరేటర్ నుంచి తీసుకునే కరెంటును, 10 ఆంపియర్లకు తగ్గిస్తే బ్యాటరీ మాత్రం నిదానంగా నిండుతుంది. సర్జ్ ప్రొటెక్టర్ 'ఓపెన్ గ్రౌండ్' (ఎర్త్ లేదు) అని కరెంటు ఆపేస్తే జనరేటర్ పాడైనట్టు కాదు. దాని న్యూట్రల్ గ్రౌండుకు కలిసి ఉండదు, ఖాళీ సాకెట్‌లో ఆ రెంటినీ కలిపే బాండింగ్ ప్లగ్ పెడితే సరిపోతుంది. జనరేటర్‌ను మాత్రం దాని పొగ గాలికి కిటికీ వైపు వచ్చేలా పెట్టకండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం వెనక గడువు తేదీ చూడండి.

పైసా ఖర్చు లేనట్టే చేసిన పనుల్లో అన్నిటికంటే ఫలితం ఇచ్చింది ఏసీ లోపలి టేపు. కింది మూత తీస్తే చల్లగాలి వచ్చే దారికీ, గది గాలి వెనక్కి వెళ్లే దారికీ మధ్య సందులు కనిపిస్తాయి. చల్లగాలి అక్కడే తిరిగి లోపలికి పోతుంటుంది. ఆ సందులన్నీ అల్యూమినియం ఫాయిల్ టేపుతో మూయాలి. లోపలికి వెళ్లే గాలికీ బయటికి వచ్చే గాలికీ 9 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే ఏసీ సరిగ్గా ఉన్నట్టు.

మళ్లీ కొనాల్సి వస్తే రెండు మార్పులు. పైకప్పు ఏసీకి బదులు కంప్రెసర్ వేగం మార్చుకునే చిన్న ఇన్వర్టర్ ఏసీ, ఎందుకంటే స్టార్టింగ్ దెబ్బ ఉండదు, సగం వాట్లతో నెమ్మదిగా నడుస్తుంది. రెండోది, ట్రక్కు నడుస్తుండగా ట్రెయిలర్ బ్యాటరీలను నింపే 30 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్, ట్రక్కు నుంచి విడి తీగలతో, మొదటి రోజే. ట్రెయిలర్‌ను ట్రక్కుకు కలిపే మామూలు ఏడు పిన్నుల ప్లగ్ ద్వారా వచ్చేది కొద్ది ఆంపియర్లే. డీసీ-డీసీ ఉంటే ఫీనిక్స్ నుంచి ఫ్లాగ్‌స్టాఫ్ చేరేలోపు 80 ఆంపియర్-అవర్లు ఊరికే వచ్చి పడతాయి.