తొమ్మిది వాట్ల బల్బుతో తొమ్మిదేళ్లు

2016లో విశాఖపట్నం పెదవాల్తేరు ఇంట్లోకి మారినప్పుడు ఒకేసారి ఆరు ఎల్ఈడీ బల్బులు కొన్నాను. తొమ్మిది వాట్లవి. మూడు ఇంకా వెలుగుతున్నాయి. ఒకటి మా వాడి క్రికెట్ బంతికి బలైంది, ఒకటి పిడుగుల రాత్రి పోయింది. బాత్రూంలోది మాత్రం పదకొండు నెలలకే ఆరిపోయింది. డబ్బా మీద చూస్తే 25,000 గంటలని ఉంది! రోజుకు అయిదు గంటల లెక్కన పదమూడేళ్లు రావాలి. బిల్లు లేదని షాపతను మార్చనన్నాడు.

ఒళ్లు మండి ఆదివారం స్క్రూడ్రైవరుతో తెల్ల మూత ఊడదీశాను. పైన పసుపు చుక్కల్లా ఉండే ఎల్ఈడీలు నిక్షేపంగా ఉన్నాయి. కింద ఇంటి కరెంటును ఎల్ఈడీలకు సరిపడేలా మార్చే డ్రైవర్ బోర్డు మీద, కరెంటును కాస్త నిలవ ఉంచే కెపాసిటర్ మాత్రం ఉబ్బిపోయి ఉంది. తప్పు సగం నాదే. ఆ బల్బును నాలుగువైపులా మూసిన గాజు డోములో పెట్టాను. పాత ఫిలమెంట్ బల్బు ఎంత కాలినా లోపల చెడిపోయే బోర్డంటూ ఉండదు. ఎల్ఈడీకి వేడి తక్కువే, కానీ ఆ కాస్త వేడీ బయటికి పోకపోతే డ్రైవరే ఉడికిపోతుంది. డోము తీసేసి పెట్టిన కొత్త బల్బు ఈ రోజుకీ వెలుగుతోంది.

బాల్కనీలోది మినుకుమినుకుమంటుంటే బల్బునే తిట్టుకున్నాను. చూస్తే సముద్రపు గాలికి హోల్డర్ పిన్నులు పచ్చగా చిలుము పట్టాయి. మెయిన్ ఆపేసి గరుకు కాగితంతో రుద్దితే సరిపోయింది. బీచ్ దగ్గర ఉండేవాళ్లు ముందు అది చూసుకోండి.

కరెంటు విషయంలో వంక పెట్టడానికి లేదు. రోజుకు అయిదు గంటలు వాడితే పాత అరవై వాట్ల ఫిలమెంట్ బల్బు ఏడాదికి 110 యూనిట్ల దాకా తాగేది, ఇది పదహారున్నరతో సరిపెడుతుంది.

వెలుగు రంగు దగ్గరే నా అసలు ఫిర్యాదు. వెలుగు రంగును కెల్విన్లలో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ తెలుపు, తగ్గేకొద్దీ పసుపు. హాల్లో 6500 కెల్విన్ తెల్లది పెడితే అమ్మ మొదటి రోజే అంది: "ఏట్రా ఇది, ఆస్పత్రిలో కూచున్నట్టుంది." అమ్మ చిన్నప్పుడు ఇంట్లో కిరసనాయిలు బుడ్లు, ఒక లాంతరు ఉండేవట. చెయ్యి చిన్నదని చిమ్నీ తుడిచే పని రోజూ సాయంత్రం తనకే పడేది. లోపలికి వేళ్లు పెట్టి గుడ్డతో మసి తుడిచి, బూడిదతో తోమేది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టి రోజుల తరబడి కరెంటు లేనప్పుడు అటక మీద ఆ లాంతరే దింపాం. వత్తి బాగానే ఉంది, కిరసనాయిలే దొరకలేదు. కొవ్వొత్తులతో గడిపాం.

మొన్న దసరాకి హాల్లో 3000 కెల్విన్ పసుపు రంగుది మార్చాను, ఈసారి బిల్లు ఫోటో తీసి పెట్టుకుని మరీ. అమ్మ ఏమీ అనలేదు. పేపరు మాత్రం ఇప్పుడు హాల్లోనే చదువుతోంది.