"మీకెందుకు సార్ ఇవన్నీ" అన్న కౌంటర్‌లో వైరు కొనకండి. నేను కొన్నాను

జాగ్రత్త. కోపం ఇంకా తగ్గలేదు, కాబట్టి ముందూ వెనకా కాస్త కలిసిపోవచ్చు. ఏ షాపో పేరు రాయడం లేదు. ఇంట్లో కరెంటు పనులు సొంతంగా చేసుకునేవాళ్లకి రాయక్కర్లేదు కూడా. మనల్ని చూడగానే మొహం మాడ్చుకునే కౌంటర్ ఏదో అందరికీ తెలుసు.

పని పెద్దదేం కాదు. గీజర్‌కి విడిగా ఒక లైను. 3,000 వాట్లు, 230 వోల్టులు, అంటే 13 ఆంపియర్లు. దానికి 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చు), ఒక సాకెట్. పైపులో వైరు లాగడం, సాకెట్ బిగించడం నేను చేసుకుంటాను, లైను ఆన్ చేసేముందు లైసెన్సున్న మనిషిని పిలిచి చూపిస్తాను, అదీ ప్లాను. వారం రోజులు చదివి, కాగితం మీద బొమ్మ గీసుకుని, సామాన్ల జాబితా రాసుకుని వెళ్లాను. ఆ జాబితాయే నా మొదటి తప్పు. ఎలక్ట్రీషియన్లు జాబితా తేరు, వాళ్లకి అంతా నోటికే వస్తుంది. చేతిలో కాగితం కనబడిందంటే వచ్చినవాడెవడో కౌంటర్‌కి తెలిసిపోయినట్టే.

అప్పటికే అక్కడ ఇద్దరు ముగ్గురు పనివాళ్లు నిలబడి ఉన్నారు. నా వంతు వచ్చింది. "రెండున్నర రాగి వైరు..." అని ఇంకా పూర్తి చేయలేదు, కౌంటర్‌లో ఉన్నాయన చెయ్యి చాపి కాగితం లాక్కున్నాడు. పైనుంచి కిందికి చదివాడు. చదివి, పక్కనున్న ఎలక్ట్రీషియన్‌కి చూపించాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. "ఇంటర్నెట్లో చూశారా సార్? మీకెందుకు సార్ ఇవన్నీ, చేసేవాణ్ణి పంపించండి."

నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో ఇప్పటికీ అర్థం కావడం లేదు. నా డబ్బులతో కొనడానికి వెళ్లి, నా మీద వేసిన జోక్‌కి నేనే నవ్వి వచ్చాను.

ఎంసీబీ 16 అడిగితే 32 తీసి పెట్టాడు. "16 పెడితే మాటిమాటికీ పడిపోతుంది సార్, ఇదైతే టెన్షన్ ఉండదు." ఎంసీబీ ఉన్నది పడిపోవడానికే అని నాకు తెలుసు. గీజర్‌ని కాపాడటానికి కాదు, గోడలో ఉన్న వైరుని కాపాడటానికి అని కూడా తెలుసు. 32 ఆంపియర్లదైతే 36 దాకా లాగినా గంటసేపు కదలకుండా కూర్చోవచ్చు, ఈలోగా గోడలో రెండున్నర వైరు ఉడికిపోతుంది. ఇదంతా చదివి వెళ్లినవాణ్ణి. అయినా ఏమన్నాను? "సరే అండీ" అన్నాను. మళ్లీ నోరు తెరిస్తే మళ్లీ నవ్వుతారని. వైరు చుట్ట ఎదురుగా ఉన్న బల్ల కిందనుంచి తీసి ఇచ్చాడు. బిల్లు మీద "వైరు 1" అని రాశాడు. సైజూ లేదు, కంపెనీ పేరూ లేదు. ఎప్పుడు బయటపడదామా అన్న తొందరలో అదీ చూసుకోలేదు.

ఇంటికొచ్చి పని మొదలుపెట్టాను. సాకెట్ టెర్మినల్లో పోగులు దూర్చి స్క్రూ బిగిస్తే రెండు పోగులు పుటుక్కున తెగాయి. ఎక్కువ బిగించానేమో అనుకున్నాను. కత్తిరించి మళ్లీ తొడుగు ఒలిచి బిగించాను. ఈసారి మూడు తెగాయి. మూడోసారి ఎంత మెల్లగా తిప్పానంటే స్క్రూకే విసుగొచ్చి ఉంటుంది. మళ్లీ తెగింది.

నాకు ఎక్కువ మండుతున్నది ఇక్కడే. వైరు మీద నాకు ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. నా చేతుల మీదే వచ్చింది. "వాళ్లు నవ్వింది నిజమే, మనకి చేతకాదు" అనుకుంటూ ఒక పూటంతా కూర్చున్నాను. ఆ నవ్వు లేకపోయి ఉంటే మొదటి పోగు తెగినప్పుడే వైరుని అనుమానించేవాణ్ణి. మనల్ని ముందే తెలివితక్కువవాళ్లని చేసి పంపిస్తే తర్వాత సరుకు ఎలా ఉన్నా తప్పు మనదే అనుకుంటాం. వాళ్లకి ఇంతకన్నా గ్యారంటీ ఏం కావాలి!

చివరికి తెగిన పోగుని బ్లేడుతో గీకాను. పైన రాగి రంగు, లోపల తెల్లగా వెండిలా మెరుస్తోంది. అల్యూమినియం మీద రాగి పూత. నమ్మబుద్ధి కాలేదు. ఒక మీటరు కొలిచి, తొడుగు మొత్తం ఒలిచి, వంటింట్లో తూకం మీద పెట్టాను. రెండున్నర స్క్వేర్ ఎంఎం అసలు రాగి అయితే మీటరుకి దాదాపు 22 గ్రాములు ఉండాలి, లెక్క ఎవరైనా వేసుకోవచ్చు, రాగి సాంద్రత ఘన సెంటీమీటరుకి 8.96 గ్రాములు. నా తూకం 9 చూపించింది. తూకం పాడైందేమోనని బరువు రాసి ఉన్న ప్యాకెట్ ఒకటి పెట్టి చూశాను. తూకం బాగానే ఉంది. పాడైంది నా బుర్రే.

రాగి పూత వేసిన అల్యూమినియం కరెంటుని అసలు రాగితో పోలిస్తే మూడింట రెండు వంతులు కూడా బాగా మోయదు. అదే 13 ఆంపియర్లకి వైరు ఒకటిన్నర రెట్లు వేడెక్కుతుంది. దానికి తోడు అల్యూమినియం స్క్రూ కింద నలిగి నెమ్మదిగా వదులవుతుంది, గాలి తగిలిన చోట కరెంటుని అడ్డుకునే పొర కడుతుంది, జాయింటు దగ్గర వేడి ఇంకా పెరుగుతుంది. దీని మీద 32 ఆంపియర్ల ఎంసీబీ. టెన్షన్ ఉండదన్నాడుగా. నిజమే, ఏం కాలినా ఆ ఎంసీబీకి మాత్రం ఏ టెన్షనూ ఉండేది కాదు.

వెనక్కి తీసుకెళ్లాను. ఒలిచిన పోగులూ బిల్లూ రెండూ చేతిలో ఉన్నాయి. ఆయన వాటిని చూడనైనా చూడలేదు. "కట్ చేసిన వైరు వాపసు ఉండదు." రాగి కాదండీ ఇది, అన్నాను. "రాగి అని బిల్లు మీద రాశానా?" అన్నాడు. సరిగ్గా అప్పుడే ఒక ఎలక్ట్రీషియన్ వచ్చి "అన్నా, రెండున్నర ఒక కాయిల్" అన్నాడు. ఈయన లేచి లోపలి గదిలోకి వెళ్లి సీలు తీయని డబ్బా తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. బల్ల కిందికి వంగనే లేదు! నా కళ్లముందే. నేను ఆ డబ్బా వంక చూస్తూ నిలబడ్డాను. నా చూపు చూసి కౌంటర్ ఆయన, దాచాలని కూడా అనిపించనట్టు, మామూలుగా అన్నాడు: "వాళ్లు రోజూ వస్తారు సార్. మీరు జీవితంలో ఒకసారి వస్తారు."

ఇందులో తిట్టు లేదు, గొంతు పెంచడం లేదు. అందుకే ఇంకా చెవుల్లో ఉంది. నేను బయటికి వస్తుంటే వెనకనుంచి ఇంకో మాట కూడా వినబడింది, "ఇలాంటివాళ్లే ఇళ్లు తగలబెట్టుకునేది." సామాను ఇచ్చింది ఎవరో మరి.

ఎలక్ట్రీషియన్లని తిట్టడానికి రాయడం లేదు. వాళ్ల చిరాకుకి కారణం ఉంది. మనలాంటివాళ్లు గోడలో టేపు చుట్టి దాచిన జాయింట్లు, ఫేజ్ (కరెంటు వచ్చే వైరు) బదులు న్యూట్రల్‌కి (వెనక్కి వెళ్లే వైరుకి) పెట్టిన స్విచ్చులు, "రెండు వైర్లు చాలుగా" అని వదిలేసిన ఎర్తింగ్, ఇవన్నీ చివరికి వెతికి సరిచేయాల్సింది వాళ్లే. స్విచ్ ఆపినా షాక్ కొట్టే బోర్డు మీద చెయ్యి పెట్టేది కూడా వాళ్లే. ఆస్ట్రేలియాలోనైతే లైసెన్సు లేకుండా ఇంటి వైరింగ్ చేయడం చట్టవిరుద్ధం. "నువ్వు చేయకూడదు, ఇది అమ్మను" అని ఎవరైనా మొహం మీద చెప్తే దణ్ణం పెట్టి వచ్చేస్తాను. కానీ ఈయన అమ్మనని అనలేదు. చేతకానివాడని నవ్వాడు, నవ్వి ఆ చేతకానివాడికే అందరికన్నా ప్రమాదమైన సరుకు అంటగట్టాడు. నాకు నిజంగా పని రాదనుకుంటే నాకు ఇవ్వాల్సింది మంచి వైరు కదా?

నిన్న లైను చూడ్డానికి పిలిచిన ఎలక్ట్రీషియన్‌కి ఆ పోగులు చూపించాను. నవ్వుతాడని సిద్ధపడి ఉన్నాను. నవ్వలేదు. వేళ్ల మధ్య రెండుసార్లు వంచాడు, తెగింది, "ఎంత లాగారు?" అని మాత్రం అడిగాడు. పైపులోంచి మొత్తం బయటికి లాగించాడు. అన్నట్టు, నేను గీసుకున్న బొమ్మలో ఒక తప్పు కూడా పట్టుకున్నాడు. అది ఇక్కడ రాయను, ఇవాళ్టికి పోయిన పరువు చాలు.

వెళ్లేవాళ్లు ఉంటే: డబ్బా సీలు మీ ముందు తీయించండి, ఒక పోగు అక్కడే గీకి చూడండి. బిల్లు మీద రాగి అని, సైజు, కంపెనీ పేరు రాయించండి, రాయనంటే వచ్చేయండి. ఎంసీబీ మీద అంకె వైరు మోయగలిగే దానికన్నా ఎక్కువ ఉండకూడదు, ఎవరు ఎంత నవ్వినా సరే. మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూసుకోకుండా దేన్నీ ముట్టుకోకండి. సొంతంగా చేసింది తెలిసినవాళ్లకి చూపించకుండా ఆన్ చేయకండి.

మిగిలిన చుట్టని ఎవరికైనా తక్కువకి అమ్మేయమని ఇప్పటికే ఇద్దరు సలహా ఇచ్చారు. అమ్మను. మూరెడేసి ముక్కలు చేసి తుక్కులో వేస్తున్నాను, సగం అయింది, చేతులు నొప్పిగా ఉన్నాయి.