ద్రవ్యరాశి–చలనం ప్రయోగ కిట్: తొమ్మిదో తరగతిలో వాడి చూశాక

ఈ కిట్‌లో 200 గ్రాముల ట్రాలీ, చెక్క పలక, కప్పీ, దారం, తూనిక రాళ్లు ఉన్నాయి. దారానికి వేలాడే 50 గ్రాముల రాయి లాగగా, ఖాళీ ట్రాలీ 60 సెంటీమీటర్లను సుమారు 0.8 సెకనులో దాటింది. దానిపై మరో 750 గ్రాములు పేర్చాక, అంటే వేలాడే రాయితో కలిపి కదిలే మొత్తం ద్రవ్యరాశి నాలుగింతలయ్యాక, సుమారు 1.7 సెకన్లు పట్టింది. కాలం కూడా నాలుగింతలు కావాలి కదా అని ఒక అమ్మాయి అడగడంతో, బలం మారనప్పుడు త్వరణమే నాలుగో వంతుకు తగ్గుతుందని, నిశ్చల స్థితి నుంచి కదిలే వస్తువు దాటే దూరం కాలం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక రాపిడి లేకుంటే కాలం సరిగ్గా రెట్టింపవుతుందని నల్లబల్ల మీద లెక్క కట్టి చూపాను. న్యూటన్ రెండో నియమం పిల్లలకు ఇంత స్పష్టంగా అందడం నాకెంతో సంతోషం కలిగించింది. అయితే ఒక చక్రం ఇరుసు బిగుసుకుపోయి వచ్చింది, నూనె చుక్క వేశాకే తిరిగింది. స్టాప్‌వాచ్ ఇవ్వలేదు, ఫోన్‌లో వీడియో తీసి కాలాన్ని కొలవడమే మేలు.